పిడుగుల్లో పంద్రాగస్టు పరుగు

కిందటి ఆగస్టులో, టాటానగర్ దగ్గరే గమ్హరియాలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలు నీలవేణి ఇంటికి వెళ్లినప్పుడు, గుమ్మం దాటీదాటగానే ఒక వాసన ముక్కుకు తగిలింది. నానిన గుడ్డ, రబ్బరు, దాని మీద పులిమిన తెల్ల సుద్ద, మూడూ కలిసి వేడికి ఆరుతున్నప్పుడు వచ్చే పచ్చి వాసన. చూస్తే ఫ్రిజ్ వెనకాల వేడిగాలి తగిలేచోట నీల మనవరాలి కాన్వాసు బూట్లు బోర్లించి ఉన్నాయి. మర్నాడు స్కూల్లో పంద్రాగస్టు డ్రిల్లట. బయట ముసురు పట్టి ఉంది. ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేసినదాన్ని, ఒక జత బూట్ల వాసనకి గోడ పట్టుకుని నిలబడిపోయాను. నీల నా మొహం చూసింది. వెళ్లి ఆ బూట్లు తీసి వరండాలో పెట్టి వచ్చింది.

డెబ్భయిల చివర్లో మేం టాటానగర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. బొగ్గు ఇంజన్లు ఇంకా తిరుగుతున్న రోజులవి. ఆయన ఇంటికి వచ్చేటప్పటికి కనురెప్పల అంచున కూడా మసి ఉండేది, నూనె తుడుచుకున్న దారప్పీచు ఎప్పుడూ చొక్కా జేబులోంచి తొంగిచూసేది. మా వరసలో ఇళ్లన్నీ శ్రీకాకుళం, బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాళ్లవే. వానాకాలం వచ్చిందంటే మా వీధికి ఒక ప్రత్యేకమైన రుచి ఉండేది. అడవి నుంచి సంతాలీ ఆడవాళ్లు మట్టి వదలని రుగ్డా పుట్టగొడుగులు ఆకుదొన్నెల్లో తెచ్చి అమ్మేవారు. అమ్మ వాటిని ఏడు నీళ్లు కడిగి, ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు వేసి మాంసంలా వండేది. స్టేషను రోడ్డు మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే ఆ పొగ తడిగాలితో కలిసి మా కిటికీల్లోకి వచ్చేది. శ్రావణ శుక్రవారాలకి పూర్ణాలు, ముసురు రోజుల్లో ఉలవచారు. పిల్లలం వరండాల్లో ఇరుక్కుని గవ్వలాడుతుంటే, రాత్రిళ్లు ఉక్కు కార్ఖానా వైపు ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడి, మబ్బుల పొట్టలకి నిప్పంటుకున్నట్టు కనిపించేది. అది కరిగిన చిట్టెం ఒంపడమేనని నాన్న ఎన్నిసార్లు చెప్పినా, ఆ ఎరుపు చూసిన ప్రతిసారీ నేను అమ్మ కొంగు వెతుక్కునేదాన్ని.

కానీ అమ్మ కొంగులో ధైర్యం దొరికేది కాదు. అమ్మకి ఉరుమంటే ప్రాణభయం. ఆమె తమ్ముడు, మా చిన్నమావ, ఊళ్లో వరి ఊడ్పులప్పుడు తాటిచెట్టు కిందికి వెళ్లి నిలబడి పిడుగుపడి పోయాడు. పద్దెనిమిదేళ్లవాడు. అమ్మే అన్నం క్యారేజీ పట్టుకెళ్లి ముందుగా చూసిందట. అందుకని ఆకాశం మసకేసిందంటే చాలు, మా ఇంట్లో ఒక తంతు మొదలయ్యేది. అద్దం మీద దుప్పటి కప్పేది. కత్తిపీట, పట్టకారు, చివరికి నా జడపిన్నులు కూడా తీసి పెట్టెలో వేసేది. తులసికోట పక్కనుండే గునపాన్ని మాత్రం పెరట్లోకి విసిరేది, పడే పిడుగు ఆ ఇనుము మీద పడాలని. తర్వాత చెవుల్లో దూది పెట్టుకుని, మంచం కింద మోకాళ్లు ముడుచుకుని, "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అంటూ వణికేది. ఆ వణుకుకి మంచం పట్టె కిర్రుకిర్రుమనేది. మెరుపుకంటే ఆ చప్పుడుకే నేను ఎక్కువ భయపడేదాన్ని.

ఆ ఏడు దానికి తోడు ఇంకో భయం వచ్చి చేరింది. ఖర్కాయి నది మీద ఏదో కొత్త వంతెన పని జరుగుతోందని, స్తంభాలు నిలబడటం లేదని, పునాదిలో పిల్లల తలకాయలు వేస్తే తప్ప నిలబడవని కంట్రాక్టరుకి కలొచ్చిందని కాలనీ అంతా గుసగుసలు. తలకాయల కోసం మనుషులు గోనెసంచులు పట్టుకుని తిరుగుతున్నారని పాలవాడు చెప్పాడు, పనిమనిషి చెప్పింది, మా క్లాసులో ఒకడైతే సంచిని చూశానన్నాడు. సాయంత్రం దీపాలు పెట్టకముందే వీధులు ఖాళీ అయిపోయేవి. నీల, నేను ఒకరి జడ ఒకరం పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లేవాళ్లం.

నీల మా పక్కింటి పిల్ల. నాకంటే ఆర్నెల్లు పెద్ద. వాళ్లమ్మ రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పగలంతా ఉండేది కాబట్టి నీల అన్నం, జడ, తిట్లు అన్నీ మా ఇంట్లోనే. కాలనీలో ఆ పిల్లని మించి పరిగెత్తేవాళ్లు మగపిల్లల్లో కూడా లేరు.

ఏటా పంద్రాగస్టునాడు కాలనీ క్లబ్బువాళ్లు పిల్లలకి పరుగు పందెం పెట్టేవారు. మైదానంలో జెండా ఎగరేశాక బయల్దేరి, రైలు పట్టాల కింద నుంచి సొరంగంలా పోయే పుల్ దాటి, జుగ్సలాయి బజారు మీదుగా ఖర్కాయి ఒడ్డు దాకా వెళ్లి, అక్కడ మూడు రంగులు పూసిన తారు డ్రమ్మును ముట్టుకుని అదే దారిన తిరిగి రావాలి. ప్రతి పిల్ల చేతిలో వెదురు పుల్లకి అంటించిన కాయితం జెండా ఉండాలి. తిరిగొచ్చినవాళ్లందరికీ వేడి జిలేబీలు, మొదటివాళ్లకి స్టీలు టిఫిను డబ్బా. జెండా కింద పడేస్తే మాత్రం పోలీసులు పట్టుకుపోతారని డ్రిల్లు మాస్టారు కళ్లెర్రజేసి చెప్పాడు. ఆయన మామూలుగా భయపెట్టాలనే అని ఉంటాడు. పదకొండేళ్ల నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆకాశం గేదె వీపులా ఉంది. గాలి లేదు. అమ్మ నా జడ వేస్తూ వేస్తూ ఆగిపోయింది.

"ఎల్లకే గుంటా. మబ్బు సూడు ఎలాగుందో. నా మాటినవే."

నాన్న డ్యూటీకి బయల్దేరుతున్నాడు. పండగైనా పబ్బమైనా ఇంజన్లకి సెలవుండదు. "లగెత్తనీయే దాన్ని. నీ భయమంతా దాని నెత్తిన రుద్దకు. కాలనీ పిల్లలందరూ ఎల్తన్నారు" అన్నాడు.

"అందరూ ఎల్తే? పిడుక్కి అందరూ ఒకటే!" అంది అమ్మ. కానీ జడ పూర్తిచేసి, ఇనప పిన్ను తీసేసి, ఎర్ర రిబ్బను గట్టిగా కట్టింది. "నీలా, దీన్నొగ్గేసి నువ్వు ముందుకెల్లిపోకేం" అంది. నీల బుద్ధిగా తలూపింది. అంత బుద్ధిగా ఊపిందంటే ఆ మాట వినలేదని అర్థం.

మేం మైదానానికి వెళ్తుంటే పడిన సన్నటి తూర జెండా ఎగిరే వేళకి ఆగింది. ఈల ఊదగానే అందరం ఒక్క గుంపుగా పరిగెత్తాం. పుల్ కింద అప్పటికే చీలమండల దాకా నీళ్లున్నాయి. పట్టాల కింద కావడంతో పగలు కూడా అక్కడ చీకటిగా ఉండేది. గోడలు చెమ్మతో మెరుస్తూ, పైనుంచి తారు రంగు చుక్కలు మెడ మీద పడేవి. గోడ వారగా మురుగు కాలవ ఉంది, దాని మీద కాలిదారిగా పరిచిన బండల్లో ఒకటి రెండు విరిగాయని పెద్దవాళ్లు చెబుతూనే ఉండేవారు. అందుకే అందరం నడిమధ్య నుంచి నీళ్లు చిమ్ముకుంటూ కేరింతలతో దాటాం. ఆ రోజు నేను నవ్వడం అదే ఆఖరు.

జుగ్సలాయి బజారులోకి వచ్చేసరికి ఆకాశం విరుచుకుపడింది. అది చినుకులతో మొదలైన వాన కాదు. ఎవరో గోదాము తలుపు తీసినట్టు ఒక్కసారే. గోనెలు, బెల్లం, ఆవనూనె వాసనలన్నీ వాననీటితో కలిసి వీధిలో పారాయి. పిల్లలు ఎక్కడివాళ్లక్కడే దుకాణాల చూర్ల కిందికి దూరారు. వెనకాల సైకిల్ మీద వస్తున్న క్లబ్బు కుర్రాడు వాళ్లని ఆపి, అందరినీ వెనక్కి మళ్లించాడట. మాకు తెలీదు. నీలా నేనూ అప్పటికే మలుపు తిరిగాం. ఆగమని ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఆగలేదు.

నది రోడ్డు మీద మేమిద్దరమే మిగిలామని తెలిసేసరికి చాలా దూరం వచ్చేశాం. నా జెండా కాయితం నానిపోయి, కాషాయం, ఆకుపచ్చ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి. పుల్లకి అంటుకున్న చిన్న తెల్ల ముక్కని ఎడం చేత్తో కప్పి పట్టుకుని పరిగెత్తాను. బూట్లు నీళ్లు తాగి ఇటుకల్లా అయ్యాయి. నీల ఎప్పుడో విప్పి మెళ్లో వేసుకుంది. మొదటి ఉరుము వినగానే నా నోట అమ్మ మాటలే వచ్చాయి: అర్జునా, ఫల్గుణా. ఊపిరి అందక పార్థుడి దగ్గరే ఆగిపోయేదాన్ని.

డ్రమ్ము దగ్గర మనిషి లేడు. దాని పక్కన ఖర్కాయి ఎర్రగా, రోడ్డుకి ఇంత దగ్గరగా, చప్పుడు లేకుండా పోతోంది. చప్పుడు చెయ్యని నీళ్లు అంత వేగంగా పోవడం నేను అంతకుముందు చూడలేదు. అవతల సగం లేచిన స్తంభాలు, వాటి నెత్తిన ఇనప ఊచలు. నీల డ్రమ్మును చరిచింది, నేనూ చరిచాను. అప్పుడే కూలీల రేకుల పాకలోంచి ఒకతను బయటికొచ్చాడు. తడవకుండా తల మీద గోనెసంచి వేసుకుని ఉన్నాడు.

"ఏ బచ్చీ! ఇధర్ ఆవో! ఇధర్!" అని చెయ్యి ఊపి పిలిచాడు.

తడుస్తున్న ఆడపిల్లల్ని చూరు కిందికి రమ్మన్నాడు, అంతే. ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు కనిపించింది సంచి ఒక్కటే. నీల కెవ్వుమంది. నేను అరవడానికి కూడా నోరు రాక వెనక్కి తిరిగాను. అప్పటిదాకా పరిగెత్తింది పందెం కోసం, అక్కణ్నుంచి పరిగెత్తింది మా తలకాయల కోసం. వాడు వెనకే వస్తున్నాడని నా వీపుకి తెలుస్తున్నట్టే ఉంది. మెరిసిన ప్రతిసారీ రోడ్డు మీద నా నీడ ముందుకు పడి, అది నా నీడో వాడి నీడో తెలిసేది కాదు. బజారులో దుకాణాలన్నీ మూసేశారు. నీల నన్ను వదిలి ముందుకి వెళ్లిపోయింది. దాని తప్పేమీ లేదు, దాని కాళ్లు అలాంటివి.

నేను పుల్ దగ్గరికి వచ్చేసరికి అది పుల్‌లా లేదు. రెండు వైపుల రోడ్లూ పల్లానికి నీళ్లు దింపుతుంటే, నల్లటి చెరువొకటి సుడి తిరుగుతోంది. నీల అప్పటికే అందులో ఉంది. నడిమధ్య లోతని, గోడ పక్క ఎత్తుగా ఉంటుందని, గోడ పట్టుకుని నడుస్తోంది. నడుము దాకా నీళ్లు. నేను చూస్తుండగానే, నడుస్తున్న పిల్ల ఉన్నట్టుండి పొట్టిదైపోయింది. నీళ్ల మీద తల, గోడకున్న గొట్టం పట్టుకున్న ఒక చెయ్యి, అంతే మిగిలాయి.

"నీలా!" అన్నాను. అదే సమయంలో పైన గూడ్సు బండి వచ్చింది. పుల్ మొత్తం వణికింది, నా పళ్లు వణికాయి, చీకటి ఇంకా చిక్కబడింది. ఒక్కొక్క పెట్టె దాటుతున్నకొద్దీ ధడ్ ధడ్ అని తల మీద కొట్టినట్టుంది. నీల నోరు తెరుచుకోవడం కనిపిస్తోంది, మాట వినబడటం లేదు. నేను అరుస్తున్నానో లేదో నాకే తెలియలేదు. నీళ్లలోకి దిగాలని తెలిసినా అంచునే నిలబడిపోయాను.

అప్పుడు అవతలి వైపు, కాలనీ వైపు వెలుగులో ఒక ఆడమనిషి కనిపించింది. జుట్టు విడిపోయి, చీర మోకాళ్ల పైకి దోపుకుని, చేతిలో గునపంతో. మెరుపొచ్చినప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకుని ఆగిపోతోంది, మళ్లీ తెరిచి నడుస్తోంది. అమ్మ అని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఉరుముల్లో అమ్మని మంచం కింద తప్ప ఇంకెక్కడా చూసి ఎరగను మరి.

తడిసి తిరిగొచ్చిన మగపిల్లల్ని మా గుంటేదని అడిగితే, "వో దోనో తో ఆగే నికల్ గయీ" అన్నారట. ముందుకెళ్లిపోయారన్న మాట చెవిన పడగానే పెరట్లో పడున్న గునపం తీసుకుని బయల్దేరింది. పిడుగుల్లో సూది కూడా ముట్టుకోనివ్వని మనిషి.

గునపంతో నేల పొడుచుకుంటూ, అడుగు దొరికాకే అడుగు వేస్తూ నీల దగ్గరికి వచ్చింది. చంకల కింద పట్టుకుని లాగింది. రాలేదు. విరిగిన బండ రెండు ముక్కల మధ్య కాలు ఇరుక్కుంది. నీళ్లు నీల గడ్డాన్ని తాకుతున్నాయి. ఆఖరి పెట్టె దాటిపోయి, చప్పుడు తగ్గగానే నాకు వినబడిన మొదటి మాట నీలది: "జెండా కొట్టుకుపోనాది పిన్నీ!"

"జెండా సంగతి సూద్దాం. తలెత్తు, తలెత్తి ఉంచు!" అని అమ్మ నా వైపు తిరిగింది. "ఓలే, అక్కడేటి సూత్తన్నావు? నడిమి నుంచి రాకు, నా మాట వచ్చిన కాడికి గోడంట కాలితో తడుముకుంటా రా. దీని గడ్డం పట్టుకో!"

"నాకు భయమేత్తందే అమ్మా!"

"నాకూ ఏత్తంది. రా!"

చేతిలో జెండా పుల్ల ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కింద వేస్తే పోలీసులు. పళ్ల మధ్య కరిచిపట్టుకుని దిగాను. నీళ్లు చల్లగా పొట్టకి తగిలి, ఛాతీకి ఎక్కాయి. కాలికి ఏదో మెత్తగా రాసుకుని పోయింది. గోడ పాకుడు గోళ్లలోకి ఎక్కింది. నీల గడ్డం రెండు చేతుల్తో ఎత్తిపట్టుకున్నాను. దాని కళ్లు నా కళ్లలోకి చూస్తున్నాయి, రెప్ప వెయ్యడం లేదు. అమ్మ గునపం మొన బండ సందులోకి దింపి, బరువంతా వేసి ఒత్తింది. జారింది. మళ్లీ దింపింది. ఆ క్షణాన బయట ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడింది. తెల్లటి వెలుగు నీళ్ల మీద పాకి గోడలెక్కింది. అమ్మ కళ్లు మూసుకుంది, పెదాలు కదులుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం గునపాన్ని వదల్లేదు. ఒకటే ఒత్తుడు. నీల కేక పెట్టింది. కాలు వచ్చేసింది.

అమ్మ దాన్ని భుజాన వేసుకుంది. నేను చీర కుచ్చిళ్లు పట్టుకున్నాను. గునపం ఆ నీళ్లలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ కుంపటి రాజేసి దాని పక్కన సుద్ద పూసిన నా కాన్వాసు బూట్లు బోర్లించింది, నీల కాలికి పసుపద్ది పాత చీర చుట్టింది, ఇద్దరికీ తల తుడిచి అల్లం వేసిన టీ నోట్లో పోసింది. అంతా చేస్తున్నంతసేపూ చెయ్యి తొణకలేదు. అంతలో దూరంగా ఒక చిన్న ఉరుము ఉరిమింది, మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోనంత చిన్నది. అమ్మ చేతిలో గ్లాసు జారిపోయింది. మంచం కిందికి వెళ్లి ముడుచుకుంది. ఇద్దరం కూడా ఆమె వెనకే దూరాం. ముగ్గురం ఒకే దుప్పటి కింద వణికాం. సాయంత్రం నాన్న వచ్చి మంచం కింద మూడు జతల పాదాలు చూసి, పక్కింటివాళ్ల నోట సంగతి విని, నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత నీలని ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎముక విరగలేదు, కుట్లు పడ్డాయి.

ఆ భయం అమ్మకి తర్వాత కూడా తగ్గలేదు. ఆ రోజుతో ధైర్యస్థురాలు అయిపోయిందని చెప్పుకోవడానికి బాగుండేది గాని, అలా జరగలేదు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు భయమెయ్యలేదా అని. అమ్మ చేట పక్కన పెట్టి నన్ను వింతగా చూసింది.

"ఎయ్యకేటి? భయం తగ్గినాక ఎల్దారని కూకుంటే మీరుందురేటే?" అంది. మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకోవడంలో పడిపోయింది.

మరుసటి ఏడు క్లబ్బువాళ్లు పరుగు తీసేసి, హాల్లోనే కుర్చీలాట పెట్టారు. ఆ తర్వాత క్లబ్బే లేదు. ఇప్పుడు మా వరస క్వార్టర్లు పడగొట్టేశారు, బొగ్గు ఇంజన్లు ఎప్పుడో పోయాయి, ఆ వీధిలో "ఓలే గుంటా" అని పిలిచే గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాటిలో అమ్మ గొంతు కూడా ఉంది.

ఆ సాయంత్రం గమ్హరియాలో నీల కాలికి నూనె రాసుకుంటుంటే, పిక్క మీది పొడుగాటి మచ్చ ఏమిటని మనవరాలు అడిగింది. నీల తెలుగులో చెప్పుకొచ్చింది, పిల్ల హిందీలో ప్రశ్నలు వేసింది. డ్రమ్ము, సంచి, పుల్, అమ్మ, అన్నీ విని, చివరికి పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని, "నానీ, ఫిర్ జీతా కౌన్?" అంది. గెలిచిందెవరని.

నీల నూనె చేతిని తువ్వాలుకి తుడుచుకుంది.

"ఎవులూ గెల్లేదే. ఇంటికొచ్చేసినాం."

"బస్? ఇత్నా హీ?" అంది పిల్ల, నమ్మనట్టు నా వైపు తిరిగి.

అంతేనని ఇద్దరం తలూపాం.